గాల్లో ఉన్న సైకిల్‌కి ఎంత వెలుగు కావాలి: ఎక్స్‌పోజర్ ప్రాజెక్టు డైరీ

పెట్టుకున్న పని

బీఎంఎక్స్ రేసులు, అంటే మట్టి దిబ్బల మీద ఎగురుతూ పోయే సైకిల్ రేసులు, ఫొటో తీసేటప్పుడు ఫోకస్ కంటే నన్ను ఎక్కువ సతాయించేది ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది. ఫోకస్ సంగతి ఈ కాలం కెమెరాలు చాలావరకు చూసుకుంటున్నాయి. హెల్మెట్ ఎక్కడుంటే అక్కడికి వెంటపడతాయి. వెలుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే కెమెరా ఒక్క సెకనులోనే మూడు రకాల లెక్కలు వేస్తుంది. అందుకే ఈ సీజన్‌కి ఒక పని పెట్టుకున్నాను. ఒకే ట్రాక్, ఒకే పెద్ద జంప్. రైడర్ దిబ్బ ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుంచి అవతల దిగేదాకా బర్స్ట్ (బటన్ నొక్కి పట్టి వరుసగా ఫ్రేములు) తీస్తే, ప్రతి ఫ్రేములో జెర్సీ, ముఖం ఒకే వెలుగులో కనిపించాలి. ఇంటికొచ్చి కంప్యూటర్లో సర్దడం కాదు, కెమెరాలోంచే అలా రావాలి.

ఈ జంప్‌నే ఎంచుకోవడానికి కారణం దాని వెనక ఉన్నవి. ఎక్కే దగ్గర గోధుమ రంగు మట్టి. పైకి లేచాక వెనకంతా ఆకాశం. దిగే చోట గుబురు చెట్లు, నీడలో దాదాపు నల్లగా ఉంటాయి. ఎక్స్‌పోజర్‌కి ఇంతకంటే గట్టి పరీక్ష దొరకదు.

ముందు అపర్చర్ ప్రయారిటీలో (లెన్సు రంధ్రం నేను పెడితే షట్టర్ కెమెరా ఎంచుకుంటుంది) పెట్టి, ఫ్రేము మొత్తాన్ని చూసే మీటరింగ్‌తో, అంటే వెలుగు కొలతతో, కెమెరాని దాని ఇష్టానికి వదిలి చూశాను. మట్టి ముందు రైడర్ ఉన్న ఫ్రేముకి షట్టర్ 1/1600 సెకను వేసుకుంది. ఆకాశం రాగానే 1/4000కి పోయింది, రైడర్ నల్లబడ్డాడు. చెట్ల ముందుకు రాగానే 1/640కి దిగింది, తెల్ల జెర్సీ మీద మడతలన్నీ మాయమై సున్నం పూసినట్టు అయింది. పైగా 1/640 కాబట్టి దిగే క్షణంలో పెడల్ మీది కాలు చెదిరింది. అంటే ఒక్క జంప్‌లో రెండున్నర స్టాపులకు పైగా తేడా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం). ఎండలో మాత్రం రవ్వంత మార్పు లేదు. రైడర్ మీద పడే వెలుగు ఎక్కేటప్పుడు ఎంతో, దిగేటప్పుడూ అంతే. మారింది అతని వెనక ఉన్నది మాత్రమే.

కెమెరా మీటర్ వస్తువు మీద పడే వెలుగుని కొలవదు, వస్తువు నుంచి తిరిగొచ్చిన వెలుగుని కొలుస్తుంది. ఎదురుగా ఉన్నదంతా కలిపితే మధ్యస్థ బూడిద రంగు అవుతుందని అనుకుని లెక్క కడుతుంది. తెల్లటి ఆకాశాన్ని చూస్తే దాన్ని బూడిద చేయడానికి వెలుగు తగ్గిస్తుంది, నల్లటి చెట్లని చూస్తే వాటినీ బూడిద చేయడానికి పెంచుతుంది. కదలని బొమ్మ అయితే ఆగి సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ మూడు నేపథ్యాలూ ఒక సెకనులో దాటిపోతాయి. వేలు డయల్ మీదికి పోయేలోపు రైడర్ నేల మీద ఉంటాడు.

అందుకే డైరీ మొదటి పేజీలో ఒక ప్రశ్న రాసి పెట్టుకున్నాను: వెలుగు మారిందా, నేపథ్యం మారిందా? ఇక నుంచి ప్రతి సెట్టింగు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాకే.

షట్టర్ ముందు తేలాలి

ఎక్స్‌పోజర్‌ని తేల్చేవి మూడు: షట్టర్ స్పీడు (వెలుగు ఎంతసేపు పడాలి), అపర్చర్ (లెన్సు రంధ్రం ఎంత తెరవాలి), ఐఎస్‌ఓ (పడిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలి). ఆటల ఫొటోల్లో ఈ మూడింటిలో మొదట కట్టుబడాల్సింది షట్టర్ స్పీడే అని నా అభిప్రాయం. మిగతా రెండూ దాని చుట్టూ తిరగాలి.

లెక్క సులువే. గంటకు 36 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 10 మీటర్లు. 1/1000 సెకనులో సైకిల్ ఒక సెంటీమీటరు కదులుతుంది, 1/500లో రెండు, 1/2000లో అర సెంటీమీటరు. ఫ్రేము అడ్డంగా నాలుగు మీటర్ల మేర చూపిస్తోందనుకుందాం, సెన్సర్ వెడల్పు 6000 పిక్సెళ్లు. ఒక సెంటీమీటరు అంటే 15 పిక్సెళ్ల చెదురు. ఫోన్ తెర మీద తెలియదు. పెద్దగా ప్రింట్ వేస్తే జెర్సీ నంబరు అంచు మెత్తబడినట్టు కనిపిస్తుంది.

రైడర్‌తో పాటు కెమెరా తిప్పితే ఈ చెదురు చాలా తగ్గుతుంది, ఎందుకంటే ఒంటి వేగం, కెమెరా వేగం ఒకటవుతాయి. కానీ చేతులు, మోకాళ్లు, చక్రాలు ఒంటితో సమానంగా కదలవు. చక్రం సంగతి ఈ ప్రాజెక్టులో నేను చూసిన వాటిల్లో నాకు బాగా నచ్చింది. నేల మీద దొర్లే చక్రంలో నేలను తాకే చోటు ఆ క్షణానికి కదలదు. పైఅంచు మాత్రం సైకిల్ వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. కెమెరాని కదపకుండా 1/500లో తీసిన ఫ్రేముని పెద్దది చేసి చూస్తే కింద పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, పైన మాత్రం అన్నీ కలిసి పొగలా ఉంటాయి. 1/1600కి వచ్చాక పైవి కూడా విడివిడిగా కనిపించాయి.

దిశ కూడా చూడాలి. రైడర్ నా వైపే వస్తుంటే ఫ్రేములో అడ్డంగా కదలిక తక్కువ, 1/1000 సరిపోతోంది. అడ్డంగా పోతుంటే 1/1600 కంటే తగ్గను. గాల్లో హ్యాండిల్ తిప్పి సైకిల్‌ని పక్కకి పడుకోబెట్టే వాళ్లకి 1/2000. జంప్ శిఖరం దగ్గర పైకి పోయే వేగం సున్నా అవుతుంది కాబట్టి అక్కడ షట్టర్ తగ్గించొచ్చని కొందరు అంటారు. ముందుకు పోయే వేగం ఎక్కడికీ పోదు. వేదిక మీద నిలువుగా ఎగిరే డాన్సర్‌కి ఆ మాట నిజం, సైకిల్‌కి సగమే నిజం.

నిండు ఎండ రోజు

ఎండ నిలకడగా ఉంటే పూర్తి మాన్యువల్, అంటే మూడూ నేనే పెట్టడం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పాతకాలం ఫిల్మ్ ఫొటోగ్రాఫర్ల సూత్రం ఒకటుంది: ఎండ కాస్తున్నప్పుడు అపర్చర్ ఎఫ్/16 పెట్టి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్‌ని ఐఎస్‌ఓ అంకెకి దగ్గరగా పెట్టాలి. ఐఎస్‌ఓ 100 అయితే 1/100. అక్కడి నుంచి అపర్చర్ ఒక్కో స్టాపు తెరుస్తూ పోతే ఎఫ్/11కి 1/200, ఎఫ్/8కి 1/400, ఎఫ్/5.6కి 1/800, ఎఫ్/4కి 1/1600. నాకు కావలసిన షట్టర్ ఐఎస్‌ఓ 100లోనే వచ్చేసింది. మీటర్ కూడా తెరవకుండా ఇవే అంకెలు పెట్టి ఒక టెస్ట్ ఫ్రేము తీశాను. ఎండ వైపు తిరిగిన రైడర్ బాగా వచ్చాడు. అయితే ఈ సూత్రం సూర్యుడు నా వీపు వైపు ఉన్నప్పటిది. ఎండ పక్క నుంచి పడితే సుమారు ఒక స్టాపు, రైడర్ వెనక నుంచి వస్తే రెండు దాకా కలుపుకోవాలి.

తర్వాత అరచేత్తో సరిచూశాను. రైడర్ మీద పడే ఎండే నా చేతి మీదా పడేలా పెట్టి, స్పాట్ మీటర్‌తో (ఫ్రేములో ఒక చిన్న చోటునే కొలిచే పద్ధతితో) అరచేతిని కొలవడం. అరచేయి మధ్యస్థ బూడిద కంటే దాదాపు ఒక స్టాపు ప్రకాశంగా ఉంటుంది కాబట్టి మీటర్ ప్లస్ ఒకటి చూపించేలా సెట్ చేస్తే సరి. ఎవరి చేయి వాళ్లు బూడిద కార్డు పక్కన పెట్టి ఒకసారి పోల్చుకుంటే ఆ తేడా కచ్చితంగా తెలుస్తుంది. ఆ తర్వాత కార్డు మోసుకెళ్లే పని లేదు.

మాన్యువల్లో అదే జంప్, అదే బర్స్ట్. మట్టి ముందు, ఆకాశం ముందు, చెట్ల ముందు జెర్సీ ఒకే తెలుపు. ఫ్రేములు వరుసగా పెట్టి చూస్తే రైడర్‌ని కత్తిరించి మూడు చోట్ల అతికించారేమో అన్నంత సమానంగా ఉంది. ఆకాశం కొంచెం పాలిపోయింది, చెట్లు నల్లగానే ఉండిపోయాయి. వాటిని అలాగే ఉండనిచ్చాను. ఫొటో రైడర్‌ది.

తెల్ల జెర్సీ వేసుకున్న కుర్రాడు ఒకడు రేసు అయ్యాక వచ్చి స్క్రీన్ చూశాడు.

"అన్నా, మిగతా వాళ్ల ఫొటోల్లో నా జెర్సీ మీద పేరు కనబడదు. ఇందులో కుట్టు కూడా కనిపిస్తోంది."

"నువ్వే ఈ రోజు నా మీటర్‌వి తమ్ముడూ. వార్మప్‌లో నీ తెలుపు పోకుండా సెట్ చేసి, అక్కడే ఆపేశాను."

అది నిజమే. ఒక హీట్‌లో (రేసులో ఒక విడతలో) ఎనిమిది మంది దాకా ఒకేసారి గేటు నుంచి దిగుతారు. తెలుపు నుంచి నలుపు దాకా అన్ని రంగులూ ఉంటాయి. వాళ్లలో ఎవరి మీద స్పాట్ పెట్టినా మిగతా వాళ్లకి అన్యాయమే. వార్మప్‌లో అందరికంటే తెల్లగా ఉన్న జెర్సీని ఎండలో తీసి, హైలైట్ హెచ్చరిక (తెలుపులో వివరాలు పోయిన చోట స్క్రీన్ మీద మినుకే గుర్తు) మెరిసిందేమో చూసి, మెరిస్తే మూడో వంతు స్టాపు తగ్గించి మళ్లీ తీస్తాను. మెరుపు ఆగిన చోట డయల్ వదిలేస్తాను. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉందో చూపే పటం) చూసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూడటం ముఖ్యం. ముదురు ఎరుపు జెర్సీ మీద మొత్తం హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఎరుపు ఛానెల్ ఒక్కటే కుడి గోడకి కొట్టుకుని ఉంటుంది. అప్పుడు బట్ట మీద మడతలు పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. ఇంకో సంగతి, రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైల్) తీస్తున్నా కెమెరా చూపించే హిస్టోగ్రామ్ అది తయారుచేసిన జేపెగ్ బొమ్మదే. రాలో హైలైట్లకి ఇంకాస్త చోటు ఉంటుంది. ఆ చోటుని నేను లెక్కలోకి తీసుకోను, అనుకోకుండా ఎండ పెరిగినప్పుడు పనికొస్తుందని వదిలేస్తాను.

హెల్మెట్ లోపల

జెర్సీ కుదిరింది. ముఖం కుదరలేదు. ఈ రేసుల్లో ముఖమంతా కప్పే హెల్మెట్లు, వాటికి ముందు పొడవాటి అంచు. మధ్యాహ్నం ఎండలో కళ్లు ఆ అంచు నీడలో పడిపోతాయి. కొలిచి చూస్తే జెర్సీకీ కళ్లకీ మధ్య మూడు స్టాపుల దాకా తేడా వచ్చింది. ఒక్క ఎక్స్‌పోజర్‌తో రెండూ పట్టాలంటే తెలుపు పోవాలి లేదా కళ్లు మునగాలి.

ఇక్కడ సెట్టింగులతో సాధించగలిగింది తక్కువ. వెలుగునే మార్చుకోవాలి. పొద్దున్నే సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఎండ నేరుగా హెల్మెట్ లోపలికి పోతుంది, తేడా ఒక స్టాపుకి తగ్గింది. మధ్యాహ్నం తప్పనిసరైతే లేత రంగు పొడి మట్టి ఉన్న మలుపు దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ నేల నుంచి ఎండ తిరిగి పైకి కొట్టి గడ్డం కింద నుంచి కళ్ల దాకా వెలుగు అందిస్తుంది. ట్రాక్‌కి నీళ్లు కొట్టిన రోజు అదే మలుపు దగ్గర ఆ వెలుగు లేదు. తడి మట్టి వెలుగుని మింగేస్తుంది. తడి ఆరేదాకా దూరంగా, సైకిల్ మొత్తం కనిపించేలా తీయడమే నయం.

ఫ్లాష్ ఎందుకు వాడవని అడుగుతారు. మామూలు కెమెరాల్లో ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ 1/200, 1/250 దగ్గర ఆగిపోతుంది. అంతకు మించితే హై స్పీడ్ సింక్ పెట్టాలి, అందులో ఫ్లాష్ శక్తి చాలా పడిపోతుంది. మధ్యాహ్నం ఎండతో పోటీ పడాలంటే రైడర్‌కి బాగా దగ్గరగా పెట్టాలి. దూకే మనిషి ముఖానికి దగ్గరగా అలాంటిది పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆకాశం ముందు నలుపు

ఒక సాయంత్రం కావాలనే ఆకాశానికి ఎక్స్‌పోజ్ చేసి రైడర్‌ని నల్లటి ఆకారంగా వదిలేశాను. ఇదీ సరైన ఎక్స్‌పోజరే, ఆకారం స్పష్టంగా ఉంటే. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరిగెత్తే గుర్రాన్ని 12 కెమెరాలతో వరుసగా తీసినప్పుడు వెనక తెల్లటి తెర కట్టాడు. అప్పటి ప్లేట్లకి అంత తక్కువ సమయంలో గుర్రం ఒంటి మీది వివరాలు పట్టేంత చురుకు లేదు. తెల్లటి నేపథ్యం మీద నల్లటి గుర్రం పడితే నాలుగు కాళ్లూ నేల వదిలాయో లేదో తెలుస్తుంది, ఆయనకి కావలసింది అదే. నా ఫ్రేముల్లో కూడా సైకిల్‌కి, రైడర్ కాళ్లకి మధ్య ఖాళీ కనిపించినవి నిలబడ్డాయి. రెండూ కలిసిపోయినవి తీసేశాను.

మబ్బుల రోజు

ఈ డైరీలో ఎక్కువ పేజీలు నింపింది ఇదే. మబ్బు అడ్డం వచ్చినప్పుడు వెలుగు నిజంగానే మారుతుంది. పల్చటి మబ్బుకి ఒక స్టాపు, దట్టమైన దానికి రెండు మూడు. మాన్యువల్‌లో బిగించి కూర్చుంటే గేటు పడటానికీ రైడర్ జంప్ దగ్గరికి రావడానికీ మధ్యలోనే ఎండ పోవచ్చు.

అందరూ చెప్పే ఉపాయం షట్టర్, అపర్చర్ మాన్యువల్‌లో ఉంచి ఐఎస్‌ఓ ఆటోకి వదిలేయడం. షట్టర్ పడిపోదు కాబట్టి చెదురు భయం ఉండదు. కానీ మీటర్ మళ్లీ పాత పాటే పాడుతుంది: ఆకాశం చూసి తగ్గిస్తుంది, చెట్లు చూసి పెంచుతుంది. మబ్బు సమస్య తీరి నేపథ్యం సమస్య తిరిగొచ్చింది.

కొన్ని రోజుల ప్రయత్నాల తర్వాత పని రెండుగా విడగొట్టాను.

మబ్బులు నెమ్మదిగా కదులుతుంటే మాన్యువలే, ఐఎస్‌ఓ మాత్రం చేతితో మారుస్తాను. కొలవడానికి దిబ్బ మొదట్లో ఒక పొడి మట్టి చదును చూసి పెట్టుకున్నాను. అరచేయి సరిగ్గా ప్లస్ ఒకటి చూపించినప్పుడు ఆ మట్టి స్పాట్ మీటర్‌లో ప్లస్ మూడో వంతు చూపిస్తుంది. ఇది ఒకసారి తెలిస్తే చాలు. ప్రతి హీట్‌కి గేటు దగ్గర రైడర్లు వరుస కడుతున్నప్పుడు ఆ మట్టి మీద స్పాట్ పెట్టి, ప్లస్ మూడో వంతు దగ్గర ముల్లు ఆగేదాకా ఐఎస్‌ఓ డయల్ తిప్పుతాను. రెండు సెకన్ల పని. మట్టి ఎక్కడికీ కదలదు, జెర్సీ మార్చదు. వాన పడితే లేదా నీళ్లు కొడితే మాత్రం మట్టి ముదురుతుంది, అరచేత్తో మళ్లీ సరిచూసుకోవాలి.

మబ్బులు గాలికి పరుగులు తీస్తూ ఒకే హీట్‌లో ఎండా నీడా వస్తుంటే ఆటో ఐఎస్‌ఓకే వెళ్తాను, కానీ బర్స్ట్ మొత్తం మీద ఆశ వదులుకుని ఒకే నేపథ్యం ఎంచుకుంటాను. ఆకాశం ముందు ఫ్రేములే కావాలంటే కాంపెన్సేషన్ (మీటర్ లెక్కకి మనం కలిపే లేదా తీసేసే స్టాపులు) ప్లస్ ఒకటి లేదా ప్లస్ ఒకటీ రెండు మూడో వంతులు. చెట్ల ముందు అయితే మైనస్ రెండు మూడో వంతులు, ఒక్కోసారి మైనస్ ఒకటి. మీటర్ ఏ వైపు తప్పుతుందో ముందే తెలుసు కాబట్టి దానికి ఎదురుగా ముందే తోసి పెట్టడం. మాన్యువల్‌లో ఆటో ఐఎస్‌ఓ పెట్టినప్పుడు కాంపెన్సేషన్ పనిచేస్తుందో లేదో మీ కెమెరాలో ముందే చూసుకోండి. కొన్ని పాత మోడళ్లలో పనిచేయదు.

నాయిస్ గురించి చిన్న మాట

మబ్బులో ఐఎస్‌ఓ 1600కి పోతే చాలామంది షట్టర్ తగ్గించేస్తారు, నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) భయంతో. నేను తగ్గించను. నాయిస్‌ని సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తగ్గించొచ్చు, చెదిరిన కాలిని తిరిగి నిలబెట్టలేం. ఐఎస్‌ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి, తర్వాత పైకి లాగితే లాభం ఉంటుందనుకోవడం కూడా సరికాదు. సెన్సర్ మీద పడిన వెలుగు అంతే కదా, నీడల్లో గరుకు తగ్గదు. కొన్ని సెన్సర్లలో ఇంకా పెరుగుతుంది.

హాల్లో లైట్ల కింద

వానలకి ట్రాక్ మూసేశారు, అదే కుర్రాళ్లు లోపల ర్యాంపుల మీద ప్రాక్టీస్ చేస్తున్నారు. ఎఫ్/2.8, 1/1000, ఐఎస్‌ఓ 6400. వెలుగు స్థిరం, సెట్టింగులు స్థిరం, అయినా బర్స్ట్‌లో ఒక ఫ్రేము తెల్లగా, పక్కది పచ్చగా, ఇంకోటి చీకటిగా వచ్చాయి. ఇక్కడ నా ప్రశ్నకి జవాబు తిరగబడింది: కంటికి తెలియకుండా వెలుగే మారుతోంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే పాత రకం లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు. 1/1000 అంటే ఆ చక్రంలో పదో వంతు మాత్రమే. ఒక ఫ్రేము శిఖరంలో పడుతుంది, ఇంకోటి లోయలో. షట్టర్ 1/100కి దించితే పూర్తి చక్రం పడి అన్నీ సమానమవుతాయి, కానీ రైడర్ మబ్బులా మారతాడు.

యాంటీ ఫ్లికర్ అనే సెట్టింగు దీనికోసమే. 2014లో కెనన్ 7డీ మార్క్ 2లో వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. కెమెరా లైట్ల లయని పసిగట్టి, ప్రకాశం శిఖరంలో ఉన్నప్పుడే షట్టర్ వదులుతుంది. బర్స్ట్ కాస్త నెమ్మదిస్తుంది, బటన్ నొక్కడానికీ ఫ్రేము పడటానికీ మధ్య రవ్వంత ఆలస్యం తగులుతుంది. అందుకే రైడర్ శిఖరానికి చేరేముందే నొక్కడం అలవాటు చేసుకున్నాను. ఆన్ చేశాక పది ఫ్రేముల్లో తొమ్మిది ఒకేలా వస్తున్నాయి. ఎల్ఈడీ లైట్లున్న చోట వేరే గొడవ. అవి చాలా వేగంగా మినుకుతాయి, ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఫ్రేముకి అడ్డంగా చారలు పడతాయి. అక్కడ మెకానికల్ షట్టర్‌కి మారడం, లేదా షట్టర్‌ని సన్న సన్న మెట్లలో కదిపి చారలు మాయమయ్యే అంకె వెతకడం.

ఇంకో పని కూడా ఇక్కడ ఫలించింది. ఎవరూ లేనప్పుడు ర్యాంపు వెంబడి నడుస్తూ చోటు చోటుకీ అరచేతిని కొలిచాను. మధ్యలో కంటే ఎడమ చివర ఒక స్టాపు తక్కువ, రెండు దీపాల మధ్య మూడో వంతు తక్కువ. కాగితం మీద గీసుకుని, ఎడమ చివర్న తీసేటప్పుడు ఐఎస్‌ఓ 12800 అని రాసుకున్నాను. లోపల వెలుగు మారేది మనిషి చోటు మారినప్పుడే, ఆ చోట్లు ముందే తెలుసు.

ఇక్కడ అపర్చర్‌కి కూడా వెల ఉంది. 200 ఎంఎం లెన్సుతో పది మీటర్ల దూరంలో ఎఫ్/2.8 అంటే స్పష్టంగా ఉండే లోతు 40 సెంటీమీటర్లే. ఎదురుగా వచ్చే సైకిల్‌కి ముందు చక్రం, కళ్లు రెండూ అందులో పట్టవు. కళ్లనే ఎంచుకున్నాను.

తర్వాత

ఎండలో ప్యానింగ్ (షట్టర్ నెమ్మది చేసి, రైడర్‌తో పాటు కెమెరా తిప్పుతూ తీయడం) మొదలుపెట్టాను. 1/60 కావాలంటే ఐఎస్‌ఓ 100లో అపర్చర్ ఎఫ్/22 దగ్గరికి పోతుంది, అక్కడ బొమ్మ మెత్తబడుతుంది. మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) బిగిస్తే ఎఫ్/8కి తిరిగొస్తుంది. ఫ్రేములు ఇంకా చూడాలి.

వచ్చే రేసులు సాయంత్రం, పొద్దు వాలే వేళకి ఫైనల్స్. మట్టి మీద స్పాట్ ప్రతి హీట్‌కీ తప్పనిసరి, ఎందుకంటే ఆ వేళ పది నిమిషాల్లో ఒక స్టాపు జారిపోవచ్చు. కెమెరా వెనక టేపు మీద రాసి పెట్టింది ఇది: అడ్డంగా 1/1600, ఎదురుగా 1/1000, ముందు అపర్చర్ ఎఫ్/4 నుంచి ఎఫ్/2.8కి తెరువు, తర్వాత ఐఎస్‌ఓ 6400 దాకా పో. అదీ చాలకపోతే అడ్డంగా తీయడం మానేసి, మలుపు లోపలి వైపుకి మారి ఎదురుగా వచ్చే వాళ్లని తీస్తాను.